వేటకెళ్ళిన మాట

పొలంలో పంట, చెరువులో సాగు, సముద్రంలో మాత్రం వేట. జాలరిపేట నాలుక మీది ఈ పాత మాటలో ఏముంది?

ఏటా ఏప్రిల్ 15 దగ్గర పడుతుంటే విశాఖ తీరంలో ఒక మాట పత్రికల్లోకీ మైకుల్లోకీ ఎక్కుతుంది: వేట నిషేధం. జూన్ 14 దాకా, 61 రోజులపాటు, మరపడవలూ ఇంజను బిగించిన తెప్పలూ ఒడ్డునే ఉండాలి. తూర్పు తీరమంతటికీ ఇదే గడువు. 2015కు ముందు 47 రోజులే ఉండేది, తర్వాత పెంచారు. చేప గుడ్లు పెట్టే కాలంలో దాని జోలికి పోవద్దన్నది ఇందులోని ఆలోచన. ఇంతవరకూ అందరికీ తెలిసిందే. గమనించాల్సింది వేరే ఉంది. ఏప్రిల్‌లో వేట అన్న ప్రభుత్వమే లెక్కలు చెప్పే రోజు వచ్చేసరికి ఆ మాటను పక్కన పెడుతుంది. అప్పుడు మత్స్య ఉత్పత్తి అంటుంది, మత్స్య సంపద అంటుంది, దిగుబడి అంటుంది. వద్దనేటప్పుడు వేట, గొప్ప చెప్పుకునేటప్పుడు ఉత్పత్తి. ఒకే పనికి రెండు పేర్లు ఉండటంలో తప్పేమీ లేదు. కానీ ఈ రెండు పేర్లూ ఆ పని గురించి రెండు వేర్వేరు సంగతులు చెబుతున్నాయి. వాటిలో వేట అన్న జాలరిపేట మాటే నిజానికి దగ్గరగా ఉందనీ, దాన్ని పాతకాలపు పలుకుబడిగా కొట్టిపారేస్తే నష్టం మన ఆలోచనకేననీ ఈ కథనం వాదన.

విశాఖలో లాసన్స్ బే పక్కనున్న పెద జాలరిపేటలో గానీ, చిన జాలరిపేటలో గానీ మగవాళ్ళు ఎక్కడికెళ్ళారని అడిగితే చేపలు పట్టడానికి వెళ్ళారన్న జవాబు అరుదు. వేటకెళ్ళారంటారు. ఉత్తరాంధ్ర నోట 'వ' జారిపోయి అది 'ఏటకెల్నారు' అని వినిపిస్తుంది. వెళ్ళడమే కాదు, వచ్చిన సరుకూ వేటే, ఆ సీజనూ వేటే. వేట బాగుంది, వేట లేదు, వేట పడలేదు. ఇక చేప విషయానికొస్తే దాన్ని పట్టామనే దానికంటే పడిందనే మాటే ఎక్కువ. వంజరం పడింది, కవళ్ళు పడ్డాయి, నిన్న ఏమీ పడలేదు. వాక్యంలో కర్త స్థానం చేపది. మనిషి ఎక్కడో వెనక, వల పట్టుకుని నిలబడి ఉంటాడు. వ్యాకరణంలో ఇది చిన్న సంగతే. కానీ రోజూ ఇదే పని చేసేవాళ్ళు కొన్ని తరాలుగా తమను కర్తగా చెప్పుకోకుండా ఆ గౌరవం చేపకు ఇస్తున్నారంటే అది వినయం వల్ల వచ్చిన అలవాటని అనుకోలేం. పనిలోని ఏదో లక్షణం వాక్యంలోకి దిగింది.

ముందు ఈ మాట పుట్టుపూర్వోత్తరాలు చూద్దాం. వేట సంస్కృతం నుంచి వచ్చింది కాదు. తమిళంలో వేట్టై, మలయాళంలో వేట్ట, కన్నడంలో బేటె అని చుట్టాలున్నాయి. బరో, ఎమెనో అనే ఇద్దరు పండితులు 1961లో తెచ్చి, 1984లో సవరించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు వీటన్నిటినీ ఒకే కుదురులో చూపిస్తుంది. తమిళంలో వేటగాణ్ణి వేడన్ అంటారు. తెలుగులో వేడుక ఉంది, వేడుకోలు ఉంది, వేటు ఉంది. ధ్వని కలిసిందని అన్నిటినీ వేటకు చుట్టాలుగా కలిపేసుకోవాలని సరదా పుడుతుంది. ఆ సరదా ప్రమాదం. ఉదాహరణకు దెబ్బ అనే అర్థంలో వేటుకు పాత తెలుగులో 'వ్రేటు' అనే రూపమూ ఉంది. వేటకు ఆ రవత్తు ఏనాడూ లేదు. జాలరి మాట సంగతి ఇంకో రకం. జాలమంటే సంస్కృతంలో వల. 1909లో దక్షిణాది కులాల మీద సంపుటాలు అచ్చువేసిన ఎడ్గర్ థర్‌స్టన్ కూడా జాలరి అన్న పేరుకు ఇదే మూలం చెప్పాడు. అంటే కులం పేరు సంస్కృతం, చేతిలోని పనిముట్టు పేరు మాత్రం అచ్చ తెలుగు: వల. ఊరికి జాలరిపేట అని ఉన్నా, ఒడ్డున ఎవరూ 'జాలం విసిరాం' అనరు.

ఈ మాట అడవిలో పుట్టి ఎన్ని దారులు పట్టిందో చూస్తే ముచ్చటేస్తుంది. కావ్యాల్లో వేట అంటే అడవే. మనుచరిత్రలో స్వరోచి వేట, కాళహస్తి మాహాత్మ్యంలో తిన్నడి వేట చదివినవాళ్ళకు కుక్కలూ వలలూ బోయలూ గుర్తొస్తారు. ఊళ్ళోకి వచ్చేసరికి ఆ మాట అర్థం మారింది. కోస్తాలో వేటపోతు అంటే కోతకు ఉంచిన మేకపోతు, వేట మాంసమంటే దాని మాంసం. అమ్మవారి జాతరలో వేట వేశారంటే ఎవరూ అడవికి పోలేదు, గుడి ముందే పని అయిపోయింది. తెలంగాణలో వేప యాప అయినట్టే వేట యాట అయింది. అక్కడ పెళ్ళికి యాటను కోశారంటే విందు ఘనంగా జరిగినట్టు. వేటాడి తెచ్చిన మాంసం కాస్తా మాంసమంతటికీ పేరై, చివరికి ఆ మాంసం ఇచ్చే జంతువుకే పేరైంది. ఇంగ్లీషులోనూ ఇలాంటిదే జరిగింది. వెనిసన్ అనే మాట లాటిన్‌లో వేట అనే అర్థమున్న మాట నుంచి పుట్టి, మొదట వేటాడిన ఏ జంతువు మాంసానికైనా చెల్లి, ఇప్పుడు జింక మాంసానికి మిగిలింది. కాబట్టి సిద్దిపేటలో యాటా, జాలరిపేటలో ఏటా ఒకే తల్లి పిల్లలు. తేడా ఏమిటంటే ఊళ్ళోకొచ్చిన మాట తాడు కట్టిన జంతువు దగ్గర ఆగిపోయింది. దాన్ని ఎక్కడా వెతకక్కర్లేదు, అది పారిపోదు. సముద్రం వైపు వెళ్ళిన మాట మాత్రం పాత అర్థాన్ని చెక్కుచెదరకుండా దాచుకుంది: కనబడని ప్రాణి కోసం, దొరుకుతుందో లేదో తెలియకుండా, దాని చోటుకు మనం వెళ్ళడం.

వేటాడులోని ఆడు కూడా చూడదగ్గదే. ఇది తెలుగులో అతి పాత క్రియల్లో ఒకటి. మూలంలో కదలడం, ఊగడం. దాని నుంచి ఆట ఆడటం, మాటలాడటం, నీళ్ళాడటం, పోట్లాడటం అన్నీ వచ్చాయి. ఊపిరాడుతుంది, సినిమా ఆడుతుంది, గానుగ ఆడుతుంది. కానీ ఇంకో మాట చివర ఇది చేరినప్పుడు ఒక తీరు కనిపిస్తుంది: వెతుకులాడు, దేవులాడు, తడుములాడు, పాకులాడు, పెనుగులాడు, కొట్టుమిట్టాడు. ఇవన్నీ ఫలితం చేతిలో లేని పనులు. పదేపదే చేయాలి, అయినా అవుతుందన్న భరోసా లేదు. అన్ని ఆడులూ ఈ లెక్కలోకి రావు, మాట్లాడు రాదు, నీళ్ళాడు రాదు. పెళ్ళాడు వస్తుందో రాదో అనుభవజ్ఞులు తేల్చుకోవాలి. ఏమైనా వేటాడు కూర్చున్నది మాత్రం దేవులాడు, తడుములాడుల వరసలోనే.

ఇక్కడ వాదనకు గట్టి సాక్ష్యం దొరుకుతుంది. 'రాత్రంతా వేటాడాం, ఒక్క చేపా పడలేదు' అన్న వాక్యం ఏ తెలుగువాడికైనా సాఫీగా వినిపిస్తుంది. 'రాత్రంతా చేపలు పట్టాం, ఒక్క చేపా పడలేదు' అంటే చెవికి ఎక్కడో తగులుతుంది. పట్టాం అన్నాక పడలేదనడమేమిటి? పట్టు ఫలితాన్ని చెప్పే క్రియ. పట్టుకుంటేనే పట్టినట్టు. 'చెరువు గట్టున కూర్చుని చేపలు పడుతున్నాడు' అన్నప్పుడు ఇంకా పడకపోయినా చెల్లుతుంది గానీ, పని ముగిశాక చెప్పేటప్పుడు మాత్రం అది చేప చూపించమంటుంది. వేట అలా అడగదు. అది ప్రయత్నాన్ని చెప్పే మాట. ఉత్తచేతులతో వచ్చినా వేటకెళ్ళి వచ్చినట్టే. ఊళ్ళోవాళ్ళం మనం చేపలు పట్టడమంటాం, ఎందుకంటే మనకు కనిపించేది బుట్టలోని చేప. సముద్రం మీదికి పోయేవాడికి కనిపించేది నీళ్ళు. మరి ఉత్పత్తి? అది పట్టు కంటే ఒక అడుగు ముందుకెళ్ళింది. పట్టులో చేప అప్పటికే సముద్రంలో ఉందన్న స్పృహైనా ఉంది. ఉత్పత్తి అంటే లేనిదాన్ని మనం పుట్టించామని అర్థం. వంజరాన్ని ఏ జాలరి పుట్టించాడు?

ఇంగ్లీషు వైపు ఒకసారి తొంగి చూస్తే మన మాట విలువ ఇంకా తెలుస్తుంది. సుమారు వెయ్యేళ్ళ కింద ఆల్ఫ్రిక్ అనే సన్యాసి మఠంలో పిల్లలకు లాటిన్ నేర్పడానికి ఒక సంభాషణల పాఠం రాశాడు. అందులో దున్నేవాడు, వేటగాడు, చేపలవాడు ఒక్కొక్కరే వచ్చి తమ పని చెప్పుకుంటారు. ఆ లాటిన్ వరసల మధ్య పాత ఇంగ్లీషులో అర్థాలు రాసిపెట్టిన ప్రతి ఇప్పటికీ ఉంది. పాత ఇంగ్లీషులో వేటగాడి క్రియ హంటియన్, చేపలవాడి క్రియ ఫిస్కియన్. ఫిస్క్ అంటే చేప. దాని పేరు నుంచే ఫిస్కియన్ పుట్టింది, నేటి ఫిష్ అనే క్రియ అదే. తెలుగు ఈ పని చేయలేదు. చేప నుంచి క్రియ పుట్టించకుండా ఉన్న వేటనే సముద్రం దాకా సాగదీసింది. ఇంకో విశేషం, హంటియన్‌కు దగ్గరి చుట్టం హెంటన్ అనే క్రియ, దాని అర్థం పట్టుకోవడం. అంటే ఇంగ్లీషువాళ్ళ వేటకు మూలం పట్టు. ఆల్ఫ్రిక్ చేపలవాణ్ణి తిమింగలాన్ని పడతావా అని అడిగితే, నా పడవనే ముంచేసేదాని జోలికి నేనెందుకు పోతానన్న అర్థంలో జవాబిస్తాడు. ఆ మాట వింటే అతను కూడా వేటగాడేనని, పేరు మాత్రమే వేరని అనిపిస్తుంది. న్యాయానికి ఒకటి ఒప్పుకోవాలి: ఇంగ్లీషు ఫిష్ కూడా ప్రయత్నాన్ని చెప్పే క్రియే, రోజంతా ఫిష్ చేసి ఏమీ దొరకలేదని వాళ్ళూ అనగలరు. చిక్కు తర్వాత వచ్చింది. ఇప్పుడు వాళ్ళ శాస్త్రవేత్తలూ అధికారులూ సముద్రపు చేపకు వాడే మాట హార్వెస్ట్. పాత ఇంగ్లీషులో హార్‌ఫెస్ట్ అంటే శరత్కాలం, తర్వాత ఆ కాలంలో కోసే పంట. విత్తనం వేసినవాడి మాటను ఎవరూ విత్తని చేపకు అంటగట్టారు. మన ఉత్పత్తి, దిగుబడి ఆ దారిలో వచ్చినవే.

దీనికి మొదటి అభ్యంతరం భాషావేత్తల నుంచే రావచ్చు. మాట మూలాన్ని బట్టి ఇవాళ్టి అర్థం తేల్చకూడదు కదా, అద్దె ఇంటి యజమానిని ఎవరూ యజ్ఞం చేస్తున్నాడా అని అడగరు కదా అని. ఒప్పుకుంటాను. మూలం మీద ఈ వాదన నిలబడితే కూలిపోవాల్సిందే. కానీ ఇది నిలబడింది మూలం మీద కాదు, ఇవాళ్టి వాడుక మీద. వేటాడాం, పడలేదు అన్న వాక్యం ఈ రోజు వాడుకలో ఉన్నది. తమిళనాట ఇదే 61 రోజుల నిషేధాన్ని మీన్‌పిడి తడైక్కాలం అంటారు, అంటే చేపలు పట్టడం మీద ఆంక్ష ఉన్న కాలం. వాళ్ళ పిడి మన పట్టుకు సాటి. తమిళంలో వేట్టై ఉండి కూడా అధికారిక మాటగా పిడి నిలిచింది. మన దగ్గర పట్టు ఉండి కూడా వేట నిలిచింది. ఎదురుగా రెండు మాటలుంటే ఒకదాన్ని తీసుకున్నారన్నమాట.

రెండో అభ్యంతరం ఇంకాస్త బలమైనది. వేటంటే తరమాలి, గురి చూడాలి. వల వేసి కూర్చోవడం వేటెలా అవుతుంది? ఇది సినిమాల్లో వేటను చూసినవాళ్ళ అనుమానం. తెలుగు వేటలో విల్లు కంటే వలే ముందు. 1853 నాటి చిన్నయసూరి నీతిచంద్రికలో మిత్రలాభం మొదలయ్యేదే బోయవాడు నూకలు చల్లి పావురాలకు వల పన్నడంతో. లేడికీ వలే, పిట్టకూ వలే, చేపకూ వలే. మూడింటికీ తెలుగులో ఒకటే మాట. పైగా వల వేయడమంటే కూర్చోవడమనుకునేవాళ్ళు ఒక్కసారి వలను చేతిలోకి తీసుకుని చూడాలి. దారాల మధ్య ఖాళీని జాలర్లు కన్ను అంటారు. కవళ్ళ వల కంట్లో బొటనవేలు పెడితే బిగుసుకుంటుంది. వంజరం వల కంట్లో నాలుగు వేళ్ళూ కలిపి దూరతాయి. చేప తల దూరాలి, ఒళ్ళు దూరకూడదు, వెనక్కి తగ్గబోతే మొప్పల దగ్గర దారం బిగియాలి. పై తాడుకు బెండ్లు, కింది తాడుకు సీసం గుళ్ళు; ఆ రెండింటి లెక్కను బట్టి వల పైనీళ్ళలో నిలబడాలా, అడుక్కి దిగాలా అన్నది తేలుతుంది. ఏ చేప, ఎంత లావు, ఏ లోతున, చీకటి రాత్రా వెన్నెల రాత్రా అన్నదంతా ఒడ్డునే ఊహించి ఆ వల ఎత్తుకెళ్ళాలి. వలలోని ప్రతి కన్నూ ఒక జంతువు అలవాట్ల మీద కట్టిన పందెం. గురి చూడటమంటే ఇదే. చూసేది కళ్ళెదుట లేని జంతువును.

ఇప్పుడు ఉపగ్రహాలున్నాయి కదా, ఇంకా వేటేమిటి అనవచ్చు. హైదరాబాద్‌లోని ఇన్‌కాయిస్ సంస్థ సముద్రపు ఉపరితల వేడిమినీ, నీళ్ళలోని పచ్చదనాన్నీ ఉపగ్రహాలతో కొలిచి చేపలు గుమిగూడే అవకాశమున్న చోట్లను తీరప్రాంతాలకు తెలియజేస్తుంది. జీపీఎస్ వచ్చింది, నీళ్ళ కింద చేపల గుంపును తెర మీద చూపించే ఎకో సౌండర్ వచ్చింది. నిజమే. కానీ ఈ పరికరాలు చేసేదేమిటి? జాడ తీయడం. అడవిలో అడుగుజాడ, విరిగిన కొమ్మ చూసి చెప్పే పనినే ఇవి ఆకాశం నుంచి చేస్తున్నాయి. ఆ సూచనల్లో ఉండేది అవకాశమే గానీ హామీ కాదు. వరి చేనుకు రైతు వెళ్ళేటప్పుడు పంట అక్కడ ఉందో లేదో ఎవరూ ఉపగ్రహంతో వెతకరు. పండించిన చోటే ఉంటుంది. పరికరం ఎంత కొత్తదైతే అంతగా పాత పనిని బయటపెడుతోంది.

డబ్బు లెక్క కూడా వేట లెక్కే. తెప్పల మీద వచ్చిన దాంట్లో ఖర్చు పోను పడవకింత, వలకింత, మనిషికింత అని వాటాలు వేసుకుంటారు. పడకపోతే అందరికీ సున్నా. కలిసి వేటాడి కలిసి పంచుకోవడం వేటతో పుట్టిన పద్ధతి. జీతం పుట్టింది దిగుబడి ఖాయంగా ఉన్నచోట. దీనికి ఎదురు ఉదాహరణ ఉత్తరాంధ్ర నుంచే చూపించవచ్చు. శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల నుంచి గుజరాత్‌లోని వెరావల్‌కు వెళ్ళి అక్కడి మరపడవల్లో జీతానికి పనిచేసేవాళ్ళున్నారు. 2018 నవంబరులో వాళ్ళలో కొందరు పాకిస్తాన్ జలాల్లోకి వెళ్ళారని పట్టుబడి, 2020 జనవరిలో విడుదలై వచ్చారు. ఆ కథే 'తండేల్' సినిమాకు ఆధారమైంది. జీతానికి వెళ్ళేవాడిది కూలిపనే గానీ వేట ఎలా అవుతుందని అడగవచ్చు. కూలి ఒప్పందం మారిందే తప్ప సముద్రంలో చేసే పని మారలేదు. రాజుగారి వేటలో డప్పు కొట్టి మెకాలను తోలేవాడూ కూలివాడే, అయినా రాజు చేసింది వేటే. సరిహద్దు గీత దాటించింది కూడా చేప వెనక పరుగే, అది గీతలు చూసుకుని ఈదదు. ఇలాంటి అనిశ్చితి మధ్య బతికే విశాఖ జాలర్లు తమ కష్టాలను ఎలా అర్థం చేసుకుంటారో చార్లెస్ నకోల్స్ అనే అమెరికన్ మానవశాస్త్రవేత్త వాళ్ళ మధ్య ఉండి పరిశీలించాడు. 1996లో వచ్చిన ఆయన పుస్తకంలో, కష్టం వచ్చినప్పుడు కారణాన్ని ఇంట్లోని అన్నదమ్ముల తగాదాల్లోనూ, మొక్కు తీరని అమ్మవార్లలోనూ వెతికే తీరు వివరంగా ఉంటుంది.

మూడో అభ్యంతరం మర్యాదకు సంబంధించింది, దాన్ని తేలిగ్గా దాటెయ్యలేం. వేటగాళ్ళంటే వెనకబడినవాళ్ళన్న చూపు ఉంది. ఉత్పత్తిదారులంటే బ్యాంకు అప్పిస్తుంది, బీమా వస్తుంది. 2018-19 కేంద్ర బడ్జెట్‌లో కిసాన్ క్రెడిట్ కార్డును చేపల పెంపకందారులకూ మత్స్యకారులకూ విస్తరించింది రైతుతో పోలిక చూసే కదా? నిజమే, ఆ పోలిక కొంత మేలు చేసింది. కానీ అప్పు తీర్చే గడువు ఖాయంగా వస్తుంది, వేట ఖాయంగా రాదు. రైతు అన్న మాట సరిగ్గా అతికేది భీమవరం, కైకలూరు చెరువుల దగ్గర. అక్కడ పిల్లను వదులుతారు, మేత వేస్తారు, తూకం చూసి పట్టుబడి చేస్తారు. అక్కడివాళ్ళు ఆ పనిని వేట అని పొరబాటున కూడా అనరు. సాగు అంటారు, ఆక్వా రైతు అంటారు. అంటే సాగుకూ వేటకూ తేడా తెలుగు జనం నోట్లో స్పష్టంగా ఉంది. ఆ రెండింటినీ కలిపి ఒకే ఉత్పత్తి అంకెగా కూడేటప్పుడే ఆ తేడా మాయమవుతుంది. చెరువుల పుణ్యమా అని రాష్ట్రం చేపల్లో దేశంలోనే మొదటి స్థానంలో ఉందన్న అంకె కింద జాలరిపేట తెప్ప ఎక్కడుందో కనిపించదు. నిషేధ కాలపు సాయం 2019లో 10 వేల రూపాయలైంది, 2025లో 20 వేలకు పెరిగింది. అది వచ్చిందే వేట ఆగిందన్న లెక్కలో. ఆ గుర్తింపుకు పునాది ఆ పాత మాటే. పంట నిషేధం అనే మాట తెలుగులో లేదు. సొంతంగా పండించుకున్నదాన్ని కోయవద్దని ఎవరూ ఉత్తర్వు వెయ్యరు. నిషేధం అన్న మాట అతుక్కునేది వేటకే, ఎందుకంటే వేటాడే జంతువు మనది కాదు.

2022 జనవరి మొదటి వారంలో పెద జాలరిపేట, వాసవానిపాలెం మత్స్యకారుల మధ్య జరిగిన గొడవ కూడా ఈ వెలుగులో చూస్తేనే అర్థమవుతుంది. పడవలు తగలబడ్డాయి, పోలీసులు 144 సెక్షన్ పెట్టారు. తగువంతా రింగు వల మీద. గుంపు చుట్టూ వలయంగా దించి, అడుగున తాడు బిగించి, గుంపు మొత్తాన్ని సంచిలో వేసినట్టు ఎత్తే వల అది. ఒడ్డు నుంచి 8 కిలోమీటర్ల లోపల దాన్ని వాడకూడదన్నది నిబంధన. వాడుతున్నారని ఒక పక్షం, మా బతుకూ ఇదేనని మరో పక్షం. ఇది పొలం గట్టు తగువైతే ఎవరి హద్దు ఎంతవరకని కొలిచి తేల్చవచ్చు. ఇక్కడ సముద్రం ఎవరి పేరునా లేదు. తగువు ఎలా పట్టావన్నదాని మీద. కన్ను ఎంత, పిల్లచేప తప్పించుకునే సందు ఉందా, పక్క తెప్పకు ఏమైనా మిగిలిందా అన్నవి ప్రశ్నలు. వేటకు మాత్రమే ఉండే నీతి ఇది. ఉత్పత్తి భాషలో రింగు వల సమర్థమైన యంత్రం, ఎక్కువ పట్టేది మెరుగైనది. ఆ భాషలో పెద జాలరిపేట ఫిర్యాదుకు మాటే దొరకదు. రింగు వల వాళ్ళూ పేదలే, అప్పులు తెచ్చి ఆ వలలు కొన్నవాళ్ళే కాబట్టి ఎవరు ఒప్పన్నది ఇక్కడ తేల్చడం లేదు. తగువు ఏ భాషలో నడుస్తోందన్నదే చెబుతున్నాను.

చట్టం దగ్గరికొస్తే విషయం ఇంకా ఆసక్తిగా ఉంటుంది. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో వేటకు నిర్వచనం ఉంది. చంపడం, బంధించడం, ఉచ్చు వేయడం, ఎర వేయడం, తరమడం అన్నీ వేటే. వీటికి చేసిన ప్రతి ప్రయత్నమూ వేటే. ప్రయత్నం కూడా వేటేనన్నది జాలరిపేట వ్యాకరణంలో ముందునుంచీ ఉన్నదే. విచిత్రమేమిటంటే ఆ చట్టం మొదట రాసినప్పుడు జంతువు అన్న మాటకు ఇచ్చిన వివరణలో పక్షులున్నాయి, పాములున్నాయి, కప్పలున్నాయి, చేప లేదు. ఢిల్లీ దృష్టిలో చేప జంతువు కాదు, సరుకు. 2001లో వేల్ షార్క్ అనే భారీ సొరను మొదటి షెడ్యూల్‌లో చేర్చారు, పులితో సమానంగా. 2002 సవరణతో చేప అన్న మాట నిర్వచనంలోకి వచ్చింది. అంటే ఒకే నీళ్ళలో, ఒకే వలలో పడ్డ రెండు చేపల్లో ఒకటి ఉత్పత్తి, రెండోది వేట నేరం. తేడా చేసింది చేపలు కాదు, కాగితం. తీరంలోని వాళ్ళకు మాత్రం రెండూ ముందునుంచీ వేటే. ఇందులో ఒకదాన్ని వదిలెయ్యాలని చెప్పినప్పుడు అర్థం చేసుకోవడానికి వాళ్ళకు కొత్త మాట అక్కర్లేకపోయింది.

2021 డిసెంబరులో విశాఖకు దక్షిణాన తంతడి తీరంలో అలాంటి వేల్ షార్క్ ఒకటి చిక్కుకుంది. ప్రపంచంలోకెల్లా పెద్ద చేప జాతి అది, పళ్ళున్నా తినేది నీళ్ళలో తేలే సూక్ష్మజీవుల్నీ చిన్న చేపల్నీ. అటవీశాఖ సిబ్బంది, వన్యప్రాణి ప్రేమికులు, స్థానిక మత్స్యకారులు కలిసి దాన్ని లోతు నీళ్ళలోకి నెట్టారు. రోజూ లోపలి నుంచి ఒడ్డుకు లాగే చేతులు ఆ రోజు ఒడ్డు నుంచి లోపలికి తోశాయి. ఈ సొర వీపు మీద తెల్లని చుక్కలుంటాయి. మన వేలిముద్రల్లాగే ఒకదాని చుక్కల అమరిక ఇంకోదానికి రాదు. ఆ చుక్కల ఫొటోలు ఒకదానితో ఒకటి పోల్చి చూసి, ఏ సొర ఏ తీరం నుంచి ఏ తీరానికి పోయిందో పరిశోధకులు ఇప్పుడు జాడ తీస్తున్నారు.